బెర్లిన్‌లో బడి ముగిశాక పిల్లల సంరక్షణ: హోర్ట్‌లో చోటు పొందే విధానం

బెర్లిన్‌లోని చాలా ప్రాథమిక పాఠశాలలు పిల్లలను ఉదయం 7:30 నుంచి మధ్యాహ్నం 1:30 వరకు తమ బాధ్యతలో ఉంచుకుంటాయి. తల్లిదండ్రులిద్దరూ సాయంత్రం దాకా ఉద్యోగం చేసే ఇంట్లో ఆ తరువాతి సమయానికి దారి చూపేది హోర్ట్. ఇది ఎక్కువగా పాఠశాల ఆవరణలోనే నడుస్తుంది. కొన్ని చోట్ల పాఠశాలే నిర్వహిస్తుంది, మరికొన్ని చోట్ల ఆ పని ఒక స్వచ్ఛంద సంస్థ చేతిలో ఉంటుంది.

సెప్టెంబరు 30 నాటికి ఆరేళ్లు నిండే పిల్లలు ఆ యేడే బడిలో చేరాలి. వారి పేరు నమోదు మాత్రం ముందు సంవత్సరం శరదృతువులోనే, సాధారణంగా అక్టోబరులో జరుగుతుంది. ఇంటి చిరునామాను బట్టి ఏ పాఠశాల పరిధిలోకి వస్తారో నిర్ణయమవుతుంది కనుక, పిల్లలున్నవారు అద్దె ఇల్లు వెతికేటప్పుడే ఆ పాఠశాలలో హోర్ట్ ఎలా నడుస్తోందో విచారించుకోవడం మంచిది. నమోదుకు వెళ్లిన రోజే హోర్ట్ దరఖాస్తు కూడా అడిగి తీసుకోండి. పాఠాలను, ఆటలను కలిపి సాయంత్రం నాలుగు వరకు నడిపే పూర్తిదిన పాఠశాలలు కూడా ఉన్నాయి. అటువంటి పాఠశాల అయితే మీకు అదనంగా కావలసినది నాలుగు తరువాతి సమయం మాత్రమే.

దరఖాస్తును పరిశీలించేది మీ బెత్సిర్క్‌కు, అంటే నగరంలో మీరుండే పాలనా విభాగానికి చెందిన యూగెండామ్ట్, అంటే బాలల సంక్షేమ కార్యాలయం. సంరక్షణ సమయం భాగాలుగా ఉంటుంది: ఉదయం 6 నుంచి 7:30 వరకు, మధ్యాహ్నం 1:30 నుంచి 4 వరకు, సాయంత్రం 4 నుంచి 6 వరకు. తెల్లవారు భాగానికి, సాయంత్రపు భాగానికి మీ అవసరాన్ని రుజువు చేయాలి. అందుకోసం పని వేళలను స్పష్టంగా పేర్కొన్న లేఖను యజమాని నుంచి తీసుకొని జతచేయండి. ఆఫీసు నుంచి పాఠశాలకు పట్టే ప్రయాణ సమయాన్ని కూడా లెక్కలో చూపండి. చాలామంది దీన్ని వదిలేసి, ఆనక రోజూ పరుగులు తీయవలసి వస్తుంది. కార్యాలయం ఇచ్చే మంజూరు పత్రంతోనే పని పూర్తి కాదు. దాన్ని హోర్ట్‌కు అందజేసి, ఒప్పందంపై సంతకం చేసిన తరువాతే చోటు ఖాయమవుతుంది.

ఖర్చు విషయంలో బెర్లిన్ ఎంతో ఉదారంగా ఉందని చెప్పాలి. మొదటి రెండు తరగతులకు 2019 నుంచి, మూడో తరగతికి 2024 నుంచి హోర్ట్ రుసుము లేదు. ఆపై తరగతులకు తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి చెల్లించాలి. పాఠశాలలో మధ్యాహ్న భోజనం ఆరో తరగతి వరకు ఉచితం. అయినా భోజనం సరఫరా చేసే సంస్థతో విడిగా నమోదు అవసరమా అని అడగండి. శాకాహారమో, గొడ్డు మాంసం, పంది మాంసం వద్దన్న సంగతో అప్పుడే రాతపూర్వకంగా తెలియజేయండి.

ఒకటో తరగతిలో చేరే పిల్లల తల్లిదండ్రులు ఒక తేదీని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. కీటాలో, అంటే బడి వయసుకు ముందు పిల్లలు వెళ్లే శిశు సంరక్షణ కేంద్రంలో, చోటు జూలై 31తో ముగుస్తుంది, బడిలో ప్రవేశోత్సవం మాత్రం వేసవి సెలవులు అయ్యాక జరుగుతుంది. హోర్ట్ ఆగస్టు 1 నుంచే పిల్లలను తీసుకోగలదు కాబట్టి మధ్యలోని ఆ రోజులు ఖాళీగా మిగలకుండా ముందే మాట్లాడుకోండి. సెలవుల్లో హోర్ట్ ఏయే రోజులు మూసి ఉంటుందో జాబితా అడిగి, మీ సెలవులను దానికి తగ్గట్టు పెట్టుకోండి.

విద్యా సంవత్సరం మధ్యలో హైదరాబాదు నుంచో విశాఖపట్నం నుంచో వచ్చే కుటుంబాలు ముందు చిరునామా నమోదు చేయించుకొని, తరువాత బెత్సిర్క్ పాఠశాల కార్యాలయం ద్వారా బడిని, ఆ వెంటనే హోర్ట్‌ను కోరాలి. తట్టు టీకా వేయించినట్టు రుజువును జర్మనీలో బడిలోను హోర్ట్‌లోను అడుగుతారు. 2020లో వచ్చిన చట్టం ప్రకారం రెండు మోతాదులు చూపాలి. అందుచేత ఊళ్లో ఇచ్చిన టీకా కార్డును సామానులో వేయకుండా చేతిసంచిలోనే తెచ్చుకోండి.

అమ్మమ్మనో నాయనమ్మనో పిలిపించుకుందామనే ఆలోచన మనవాళ్లలో సహజంగా వస్తుంది. అయితే సందర్శక వీసాపై 180 రోజుల్లో 90 రోజులు మాత్రమే ఉండనిస్తారు కనుక, అది పిల్లవాడు కొత్త బడికి అలవాటుపడే మొదటి నెలలకు గొప్ప ఆసరా అవుతుందే తప్ప, ఏడాది పొడుగునా సాగే ఏర్పాటు కాదు. వారే బడి నుంచి తీసుకురావాలంటే వారి పేర్లను హోర్ట్‌లో ముందుగా రాసి ఇవ్వాలి. పొరుగింటివారు తీసుకొచ్చినా, పిల్ల ఒంటరిగా ఇంటికి నడిచి వచ్చినా ఇదే పద్ధతి.

ఇతర నగరాల్లో పద్ధతులు వేరు. హాంబుర్గ్‌లో ఉదయం 8 నుంచి సాయంత్రం 4 వరకు సంరక్షణ ఉచితం, భోజనానికి మాత్రం చెల్లించాలి. మ్యూనిక్‌లో హోర్ట్‌తో పాటు, కొంత తక్కువ సమయం నడిచే మిట్టాగ్స్‌బెట్రొయుంగ్ కూడా ఉంది. 2026 ఆగస్టు నుంచి ఒకటో తరగతి పిల్లలకు వారంలో ఐదు రోజులు, రోజుకు ఎనిమిది గంటల సంరక్షణ దేశమంతటా చట్టబద్ధమైన హక్కు. ఏటా ఒక్కో తరగతి చొప్పున పెరుగుతూ అది నాలుగో తరగతి వరకు విస్తరిస్తుంది. రుసుము చెల్లించేవారు బ్యాంకు బదిలీ ద్వారానే చెల్లించి రసీదులు దాచుకుంటే, 2025 నుంచి ఖర్చులో 80 శాతాన్ని, ఒక్కో బిడ్డకు ఏడాదికి 4,800 యూరోల వరకు, ఆదాయపు పన్ను లెక్కల్లో తగ్గించి చూపవచ్చు. భోజనపు ఖర్చు ఇందులోకి రాదు.