వెనక చక్రం బ్రేక్ పట్టేస్తోందా? కాలిపర్ మార్చే ముందు ఇవి చూడండి

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, కోరాపుట్ వైపు తిరిగే కార్లకు బ్రేకుల పని ఎక్కువే. వానాకాలంలో ఎర్రమట్టి నీళ్లు చక్రాల సందుల్లోకి చేరి అక్కడే ఆరిపోతాయి. దానికితోడు హ్యాండ్ బ్రేక్ లాగి వారం పాటు వానలో వదిలేస్తే వెనక చక్రం పట్టేయడం మామూలే. షెడ్డుకు తీసుకెళ్తే ‘కాలిపర్ పోయింది, మార్చేద్దాం’ అంటారు. కాలిపర్ అంటే బ్రేక్ ప్యాడ్లను డిస్క్ మీద నొక్కి చక్రాన్ని ఆపే భాగం. జయపురంలో దొరక్కపోతే విశాఖ నుంచి తెప్పించుకోవాలి. అంత ఖర్చుకు దిగే ముందు అసలు ఎక్కడ పట్టేసిందో తేల్చుకోండి. చాలాసార్లు కాలిపర్ జరిగే పిన్నులు తుడిచి గ్రీజు రాస్తే సరిపోతుంది.

చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ బ్రేకులే ఉంటాయి. ఇక్కడ చెప్పేది వెనక కూడా డిస్క్ (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం) ఉన్న బళ్లకు. హ్యాండ్ బ్రేక్‌కు లివర్ బదులు బటన్ ఉంటే ముందు స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. అది మెకానిక్‌కే వదిలేయండి.

ఏ చక్రమో కనిపెట్టడం

బ్రేక్ పెద్దగా వాడకుండా పది కిలోమీటర్లు నడిపి ఆపండి. డిస్క్ ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది. ఒక్కో చక్రం దగ్గర అరచేయి పెట్టి చూస్తే చాలు, పట్టేసినది సెగ కొడుతుంది. మాడు వాసన, మైలేజీ తగ్గడం, వాలులో న్యూట్రల్ చేసినా బండి కదలకపోవడం కూడా గుర్తులే.

ఈ వేడిని తేలిగ్గా తీసుకోకూడదు. కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కి అవే 230, 155. ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ నేలకు తాకుతుంది, బ్రేక్ పడదు. చక్రం కాలుతోందని తెలిశాక ఘాట్ దిగే సాహసం వద్దు.

ఎక్కడ పట్టేసిందో తేల్చడం

బండి బాగా చల్లారనివ్వండి. చదునైన గట్టి నేల మీద ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టి, ఫస్ట్ గేర్ వేసి, హ్యాండ్ బ్రేక్ దించండి. వీల్ నట్లు వదులు చేశాక జాకీ ఎత్తి కింద స్టాండ్ పెట్టాలి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరకండి. విప్పిన చక్రాన్ని కూడా బండి కిందే పడేయండి.

ఇప్పుడు డిస్క్‌ను చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుని ఉంటే, కాలిపర్ వెనక హ్యాండ్ బ్రేక్ కేబుల్ తగిలించిన చిన్న మీట పూర్తిగా వెనక్కి వచ్చిందా చూడండి. కేబుల్ వదులు చేయగానే డిస్క్ తిరిగితే తప్పు కేబుల్‌ది. తుప్పు పట్టిన కేబుల్‌కు నూనె పోసి లాభం లేదు, మార్చడమే.

అప్పటికీ తిరగకపోతే కాలిపర్ మీది బ్లీడింగ్ నిపుల్‌కు (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) ట్యూబు తొడిగి, కొస సీసాలో పెట్టి, అర చుట్టు వదలండి. ఆయిల్ చిమ్మి డిస్క్ వదిలిందంటే కాలిపర్‌కు ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ లోపల పూడుకుపోయి ఉండొచ్చు. నిపుల్ విప్పితే చివర్లో బ్రేకుల్లో గాలి తీయాల్సిందే. ఇవేవీ కాకపోతే పట్టేసింది పిన్నులో, ప్యాడ్లో, ప్యాడ్‌ను నెట్టే పిస్టనో.

పిన్నుల పని

కాలిపర్ ముందుకూ వెనక్కూ జరిగేది రెండు పిన్నుల మీద. బోల్టు విప్పేటప్పుడు పిన్ను కూడా తిరగకుండా ఇంకో స్పానర్‌తో పట్టుకోండి. కాలిపర్‌ను హోస్ మీద వేలాడనివ్వకుండా కట్టుతీగతో కట్టండి.

పిన్నులు బయటికి లాగండి. పైది, కిందది ఒకేలా ఉండకపోవచ్చు, కలిపేయకండి. రాకపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కాసేపాగి, అటూ ఇటూ తిప్పుతూ లాగాలి, సుత్తి వద్దు. పాత గ్రీజు గోధుమరంగు బంకలా ఉంటుంది, పిన్ను మీదా రంధ్రంలోనూ పూర్తిగా తుడిచేయండి. పైపై తుప్పును సన్నటి ఎమరీ కాగితంతో తీయొచ్చు. గుంటలు పడితే, రబ్బరు బూటు చిరిగితే కొత్త కిట్ వేయడమే.

గ్రీజు మాత్రం సిలికాన్‌తో చేసిన బ్రేక్ గ్రీజే కావాలి. జిడ్డు ఏదైతేనేం అని షెడ్డులో ఉన్న మామూలు గ్రీజు పూస్తుంటారు. దానికి రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది. పల్చగా రాయండి, ఎక్కువైతే లోపల గాలి చిక్కి పిన్నును బయటికి నెడుతుంది.

ప్యాడ్ల చెవులు కూర్చునే గాడిని వైర్ బ్రష్‌తో గీకండి. ఆ పొడిని నోటితో ఊదొద్దు. ప్యాడ్ 3 మిల్లీమీటర్ల కంటే పల్చబడితే రెండు వెనక చక్రాలకూ కలిపే మార్చండి.

పిస్టన్, బిగింపు

కేబుల్ హ్యాండ్ బ్రేక్ కలిసిన వెనక కాలిపర్లలో చాలావాటికి పిస్టన్‌ను నెడితే లోపలికి పోదు. టూల్‌తో తిప్పుతూ తోయాలి, సాధారణంగా గడియారం ముల్లు తిరిగే వైపు. కొన్ని బళ్లకు ఒక పక్క చక్రానికి ఎదురు దిశలో తిప్పాలి, మాన్యువల్ చూడండి. బానెట్ కింద బ్రేక్ ఆయిల్ డబ్బా నిండుగా ఉంటే ముందే కొంచెం తీయండి, లేకపోతే పొంగుతుంది. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి. పిస్టన్ తుప్పు పట్టి అసలు తిరగకపోతే అప్పుడు కాలిపర్ మార్చండి, తప్పదు.

అన్నీ మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు బిగించి, బండి కదిపే ముందు పెడల్ గట్టిపడే దాకా తొక్కండి. హ్యాండ్ బ్రేక్ కేబుల్ సర్దుబాటు ఆఖరున. మళ్లీ పది కిలోమీటర్లు నడిపి, రెండు వెనక చక్రాల సెగ సమానంగా ఉందో లేదో చూడండి. ఇకమీదట వానల్లో బండిని రోజుల తరబడి ఆపాల్సి వస్తే, చదునైన చోట గేరులో పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించేయండి.