జపాన్ డిస్ట్రాయర్ సర్వీస్ హిస్టరీ ఎలా రాయాలి? కొంగో (173) మీద చేసి చూద్దాం

యుద్ధనౌక గురించి రాయమంటే చాలామంది మిసైళ్ళు, రాడార్, స్పీడ్ రాసేసి వదిలేస్తారు. సర్వీస్ హిస్టరీ అది కాదండి, ఆ ఓడ ఎప్పుడు డ్యూటీలో చేరింది, ఏ పోర్టులో ఉంటుంది, ఎక్కడికెళ్ళి ఏం చేసింది అనేదే అసలు విషయం.

ముందు ఓడ ఏదో ఖాయం చేసుకోండి, పేరొక్కటే నమ్మితే దెబ్బతింటారు. ఎందుకంటే బ్రిటన్‌లో విక్కర్స్ కట్టిన 1913 నాటి కొంగో ఒకటుంది, దాన్ని 1944 నవంబర్‌లో అమెరికా సబ్‌మెరైన్ ముంచేసింది. మనకి కావాల్సింది జపాన్ మొదటి ఏజిస్ (రాడార్‌తో మిసైళ్ళని పసిగట్టి కొట్టే అమెరికా సిస్టమ్) డిస్ట్రాయర్ కొంగో. ఫొటోలో ముందువైపు 173 అని పెద్ద నంబర్ ఉంటుంది, వెనక పేరు హిరగానా అక్షరాల్లో ఉంటుంది, రెండూ సరిచూసుకోండి. టైపు కూడా చూడాలి. 2020 నవంబర్‌లో మన వైజాగ్ దగ్గర మలబార్ నౌకా విన్యాసాలకి వచ్చిన ఓనామి కూడా జపాన్ డిస్ట్రాయరే, కానీ అది డీడీ, అంటే మామూలు డిస్ట్రాయర్, కొంగోది డీడీజీ, అంటే గైడెడ్ మిసైల్ డిస్ట్రాయర్.

తర్వాత మూడు తేదీలు. నాగసాకిలో మిత్సుబిషి యార్డులో పని మొదలైంది 1990 మే 8, నీళ్ళలోకి దింపింది 1991 సెప్టెంబర్ 26, నేవీలో చేరింది 1993 మార్చి 25. సర్వీస్ లెక్క మూడో తేదీ నుంచే. ఇదే క్లాసులో, అంటే ఇదే డిజైన్‌తో కట్టిన ఓడల్లో, మిగతావి కిరిషిమా, మ్యోకో, చోకాయ్ కూడా మార్చిలోనే చేరాయి, జపాన్‌లోనూ మనలాగే ఆర్థిక సంవత్సరం మార్చి 31కి అయిపోతుంది మరి. బరువు రాసేటప్పుడు 7,250 టన్నులు స్టాండర్డ్ (ఇంధనం లేకుండా), 9,485 ఫుల్ లోడ్ (అన్నీ నింపాక), ఏది రాస్తున్నారో చెప్పండి. హోమ్‌పోర్ట్, అంటే ఓడ ఉండే సొంత పోర్టు, ససెబో.

ఇక సంఘటనలు, ఇక్కడే ఎక్కువ టైమ్ కేటాయించాలి. కొంగో చరిత్రలో పెద్ద రోజు 2007 డిసెంబర్ 17, ఇది హవాయి తేదీ, జపాన్‌లో అప్పటికే 18 ఉదయం, అందుకే ఒక్కో చోట ఒక్కో తేదీ కనిపిస్తుంది, రెండూ కరెక్టే. ఆ రోజు జరిగింది మిసైల్‌ని గాల్లోనే కొట్టే టెస్టు. మధ్యాహ్నం 12:05కి హవాయిలోని కవాయి దీవి నుంచి టార్గెట్ బాలిస్టిక్ మిసైల్ లేచింది, ఓడ రాడార్ దాన్ని పట్టుకుంది, 12:08కి కొంగో నుంచి దాన్ని కొట్టే ఎస్ఎం-3 మిసైల్ వెళ్ళింది, ఇంకో మూడు నిమిషాలకి సముద్రం మీద దాదాపు 160 కి.మీ. ఎత్తులో టార్గెట్‌ని కొట్టేసింది. అమెరికాది కాని ఓడ ఇలా కొట్టడం అదే మొదటిసారి. ఇలాంటి ఒక్క రోజుని నిమిషాలతో సహా రాస్తే పది విన్యాసాల పేర్లు రాసినదానికన్నా పాఠకుడికి ఎక్కువ అర్థమవుతుంది, నేనైతే సగం వ్యాసం దీనికే ఇస్తా.

ఓడిపోయినవీ రాయాలి. 2008 నవంబర్‌లో చోకాయ్ ఇదే టెస్టు చేస్తే తగల్లేదు, అది చోకాయ్ పేజీలో ఉండి తీరాలి. అలాగే ఒక ఓడ చేసిన పని ఇంకోదానికి అంటగట్టకండి. 1998లో ఉత్తర కొరియా తెపోదాంగ్ మిసైల్‌ని ట్రాక్ చేసింది మ్యోకో, 2002 డిసెంబర్‌లో హిందూ మహాసముద్రానికి బయల్దేరింది కిరిషిమా, 2025లో టోమహాక్ క్రూయిజ్ మిసైల్ పనుల కోసం అమెరికా వెళ్ళింది చోకాయ్. నాలుగూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ప్రతి సంఘటన పక్కన హల్ నంబర్, అంటే ఓడ మీద ఉండే నంబర్, రాసుకుంటూ వెళ్ళండి: 173, 174, 175, 176.