ట్రైలర్ చక్రం నట్టుకు కారు పానా పట్టనప్పుడు

డిక్కీలో ఉండే ఎల్ పానా ఆ కారు చక్రాల కొలతకే చేసింది. వెనక తగిలించిన క్యారవాన్‌కో, సామాను ట్రైలర్‌కో అదే పడుతుందనుకోకండి. మారుతీ చిన్న కార్ల నట్టు మామూలుగా 19 మి.మీ., హ్యుందాయ్, టొయోటా కార్లది 21. ట్రైలర్‌కు మాత్రం ఇరుసు ఎక్కడ తయారైందో దాన్నిబట్టి 17, 19, 22, 24లో ఏదైనా ఉండొచ్చు. యూరప్ ఇరుసులకైతే చాలావాటికి నట్టే ఉండదు, నేరుగా హబ్‌లోకి, అంటే చక్రం కూర్చునే మధ్య భాగంలోకి, బిగించే బోల్టు ఉంటుంది. ఇది రణస్థలం దాటాక హైవే పక్కన, చీకట్లో, పంచరు పడ్డాక తెలియాల్సిన సంగతి కాదు. ఇంటి ముందు అరగంట కూర్చుంటే తేలిపోతుంది.

ముందు కొలవండి, తర్వాత కొనండి. కావాల్సిన కొలతలు మూడు. మొదటిది నట్టు వెడల్పు. ఎదురెదురు చదును పక్కల మధ్య కొలవాలి, మూల నుంచి మూలకు కాదు. వెర్నియర్ ఉంటే సరే. లేకపోతే దవడలు కదిలే పానాను నట్టుకు బిగుతుగా పట్టించి, ఆ ఎడం చెదరకుండా బయటికి తీసి స్కేలుతో కొలవండి. స్కేలూ లేదా, జేబులో చిల్లర చూడండి: 2011లో వచ్చిన రకం రూపాయి బిళ్ల 22 మి.మీ., అదే రకం అర్ధరూపాయి 19, పది రూపాయల బిళ్ల 27. 2019లో వచ్చిన కొత్త రూపాయి మాత్రం 20 మి.మీ.యే, దాన్ని పాతదనుకుంటే లెక్క తప్పుతుంది. నట్టు చక్రం గుంతలో లోపలికి ఉండి పానా దవడలు అందకపోతే, దాని మీద కాగితం పెట్టి వేలితో గట్టిగా రుద్దండి. ఆరు పలకల అచ్చు పడుతుంది, దాన్ని కొలవండి.

రెండోది, నట్టు కూర్చున్న గుంత వెడల్పు. అల్లాయ్ చక్రాలతో వచ్చే తంటా అంతా ఇక్కడే. 19 నట్టుకు 19 సాకెట్టే (నట్టు మీద టోపీలా ఎక్కే పానా ముక్క) తెస్తారు, కానీ సాకెట్ గోడ మందంగా ఉండి గుంతలోకి దిగదు. గాలి ఒత్తిడితో నట్లు తిప్పే గాలి గన్నుకు వాడే నల్ల సాకెట్లు మరీ మందం. దుకాణంలో సైజు ఒక్కటే అడగకుండా సాకెట్ బయటి వెడల్పు కూడా కొలిపించుకోండి. గుంత కంటే కనీసం 1 మి.మీ. తక్కువ ఉండాలి. హైవే పంచరు షాపుల్లో లారీలకు వాడే 32, 33 సాకెట్లు దొరికినంత తేలిగ్గా ఈ సన్నగోడ సాకెట్లు దొరకవు.

మూడోది, నట్టులోంచి స్టడ్డు (నట్టు ఎక్కే మరల కడ్డీ) ఎంత పొడుచుకొచ్చిందో. ఎక్కువ వస్తే పొట్టి సాకెట్ అడుగు స్టడ్డుకు తగిలి, నట్టును పైపైనే పడుతుంది. అలా పట్టిన సాకెట్ జారుతుంది, మూలలు పోతాయి. పొడుగు సాకెట్ తీసుకోండి. లోపల ఆరు మూలలది కావాలి, పన్నెండు మూలలది వద్దు. పన్నెండుది త్వరగా తగులుకుంటుంది గానీ బలమంతా మూలల మీదే పెడుతుంది.

కొలిస్తే 20.6, 23.8 లాంటి వింత అంకె వచ్చిందా? అది అంగుళాల నట్టు. ముప్పావు అంగుళం 19.05 మి.మీ., కాబట్టి 19 సాకెట్ చాలాసార్లు పట్టేస్తుంది. 13/16 అంటే 20.6, 21 సాకెట్ ఎక్కుతుంది గానీ కాస్త వదులు, తుప్పు పట్టిన నట్టు మీద వాడొద్దు. 7/8 అంటే 22.2, దీనికి 22 సాకెట్ ఎక్కకపోవచ్చు, సుత్తితో కొట్టి ఎక్కించకండి. 15/16కి 24 సాకెట్ నడుస్తుంది. ఇంకో మాయ ఉంది: మెరిసే రేకు టోపీ తొడిగిన నట్లు. రేకు కింద తుప్పు చేరి నట్టు ఉబ్బుతుంది, 21 కాస్తా 21.5 అవుతుంది. రేకును ఉలితో ఒలిచేస్తే లోపలి నట్టు చిన్నదిగా బయటపడుతుంది. తర్వాత ఆ నట్లు పారేసి, టోపీ లేని గట్టి నట్లు వేయించుకోండి.

నట్టుకు ఆరు పలకలు లేకుండా గాడులుగానో, పువ్వు ఆకారంగానో ఉంటే అది దొంగలు చక్రం ఎత్తుకుపోకుండా పెట్టిన తాళం నట్టు. చక్రానికి ఒకటి ఉంటుంది. దాని తాళం సాకెట్ స్టెప్నీ కింద, పనిముట్ల సంచిలో, గ్లోవ్ బాక్సులో వెతకండి. దాని మీద చెక్కిన కోడు ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి. పోయినప్పుడు ఆ కోడుతోనే కొత్తది తెప్పించాలి. కోడు కూడా లేకపోతే గట్టిగా కలిపిన చపాతీ పిండి ముద్దకు నూనె రాసి నట్టు ముఖానికి నొక్కండి. ఆ అచ్చు పట్టుకెళ్తే దుకాణంలో నమూనా పోల్చి చూస్తారు. తాళం సాకెట్ మీద గాలి గన్ను పెట్టనివ్వకండి, దాని పళ్లు విరుగుతాయి. అసలేమీ దొరక్కపోతే, లోపల ఎదురు మెలికల పళ్లుండే ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్‌ను కొట్టి ఎక్కించి విప్పడమే. మూలలు అరిగి గుండ్రమైన నట్టుకూ అదే మందు. ఆ నట్టు మళ్లీ పనికిరాదు.

కళింగపట్నం, బారువ లాంటి తీరాల్లోనో, నౌపడ ఉప్పు మళ్ల పక్కనో నిలబెట్టిన బండ్ల నట్లు సరైన పానాకు కూడా కదలవు. ముందు మరలను తీగ బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టి పావుగంట ఆగండి. చక్రం నేల మీద ఉండగానే, జాకీ ఎత్తకముందే, నట్టును పిసరంత బిగించి తర్వాత విప్పండి. మంట పెట్టకండి, టైరుకీ బేరింగు గ్రీజుకీ ప్రమాదం. కొన్ని పాత లారీల్లో ఎడమ పక్క చక్రాలకు ఎదురు మరలుంటాయి, స్టడ్డు చివర ఎల్ అక్షరం చూడండి. అలాంటి ఇరుసు తెచ్చి ట్రైలర్‌కు వేసి ఉంటే మీరు విప్పుతున్నాననుకుని బిగిస్తూ ఉంటారు.

బిగించేటప్పుడు మరలు శుభ్రంగా, పొడిగా ఉండాలి. నూనె రాస్తే అదే బలానికి స్టడ్డు ఎక్కువ సాగుతుంది. ఎదురెదురుగా ఒక్కొక్కటీ బిగించండి. 12 మి.మీ. స్టడ్డుకు సాధారణంగా 100 న్యూటన్ మీటర్ల దరిదాపు కావాలి, అసలు అంకె బండి పుస్తకంలో చూడండి. 40 సెం.మీ. రాడ్డు కొస మీద 25 కిలోల బరువు పెట్టినంత అన్నమాట. దాని మీద 70 కిలోల మనిషి ఎక్కి నిలబడితే దాదాపు మూడింతలవుతుంది, మరలు పోయేది అందుకే. విజయనగరంలో చక్రం మారిస్తే శ్రీకాకుళం చేరాక ఒకసారి మళ్లీ బిగించి చూడండి. బయల్దేరే ముందు తాళం సాకెట్ నట్టు మీదే ఉండిపోయిందేమో చూసి, తీసి సంచిలో వేయండి.