యువరైతు మీద డాక్యుమెంటరీ – మూడో పాఠం: మిరప తోటలో మాట రికార్డు చేయడం

గత పాఠంలో పల్నాడు వైపు మిరప వేసే ఒక కుర్ర రైతును ఎంచుకుని, నారు నాటడం మొదలు వేసవి కోతల దాకా ఏ నెలలో ఏం తీయాలో రాసుకున్నాం. ఈ పాఠమంతా శబ్దం గురించే. బొమ్మ కాస్త వణికినా చూసేవాళ్లు ఓర్చుకుంటారు, మాట అర్థం కాకపోతే లేచిపోతారు. అందుకే కొత్త లెన్సు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక వైర్‌లెస్ కాలర్ మైకు, దానికి బొచ్చు తొడుగు, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్, ఒక చుట్ట మెడికల్ టేపు కొనండి.

మైకు గడ్డానికి జానెడు కింద, ఛాతీ మధ్యలో ఉండాలి. ఇంకా పైకి పెడితే గడ్డం నీడలో పడి గొంతు మూసుకుపోయినట్టు వినిపిస్తుంది, కిందికి జరిపితే మనిషి దూరంగా ఉన్నట్టుంటుంది. కుర్రాళ్లు ఎక్కువగా వేసుకునే పాలిస్టర్ టీషర్టుతోనే అసలు చిక్కు. చెయ్యి కదిపినప్పుడల్లా బట్ట మైకుకు రాసుకుని గరగరమంటుంది, ఆ చప్పుడు మాటతో కలిసిపోతే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తీయలేదు. మెడికల్ టేపు రెండు ముక్కలను జిగురు బయటికి వచ్చేలా త్రికోణంగా మడవండి. మైకును ఆ రెంటి మధ్య పెట్టి, ఒక వైపు ఒంటికి, ఇంకో వైపు చొక్కాకు అంటించండి. బట్టా మైకూ కలిసి కదులుతాయి కాబట్టి రాపిడి ఉండదు. మైకు కిందే వైరును చిన్న చుట్టలా తిప్పి ఇంకో టేపు వేస్తే, వంగినప్పుడు వైరు లాగిన చప్పుడు పైకి రాదు. భుజం మీది తువ్వాలు కొసలు ఛాతీ మీదికి జారి మైకును కొడుతుంటాయి, దాన్ని తలకు చుట్టుకోమనండి. ఎండలో ఎలాగూ చుట్టుకునేదే.

ఆడవాళ్లకు మైకు పెట్టేటప్పుడు బృందంలోని అమ్మాయి పెట్టాలి, లేదంటే ఎలా అంటించుకోవాలో చూపించి వాళ్లనే పెట్టుకోనివ్వాలి. నల్లపూసలు మైకుకు తగిలి టిక్కుటిక్కుమంటాయి, మైకును వాటికి తగలని చోటికి జరపండి.

చవకగా దొరికే వైర్‌లెస్ సెట్లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. ఆ తరంగాలను మనిషి ఒళ్లు పీల్చేస్తుంది. మాటను పంపే డబ్బా, అంటే ట్రాన్స్‌మిటర్, రైతు వెనక జేబులో ఉండి కెమెరా ముందు ఉంటే, పది అడుగులు దూరం జరిగేసరికి మాట తెగితెగి వస్తుంది. నీళ్లు పట్టుకుని గుబురుగా పెరిగిన తోట కూడా అడ్డమే. కెమెరా ఏ వైపు ఉందో ఆ వైపు నడుముకే ట్రాన్స్‌మిటర్ తగిలించండి, కెమెరా దగ్గర ఆ మాటను అందుకునే రిసీవర్‌ను చెట్ల కొసల కంటే ఎత్తులో పెట్టండి. ట్రాన్స్‌మిటర్‌లోనే రికార్డయ్యే సదుపాయం ఉంటే అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి.

రికార్డింగు సెట్టింగుల్లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకోండి. మామూలుగా మాట్లాడేటప్పుడు శబ్దం మీటరు −18 డెసిబెల్స్ దగ్గర తిరుగుతూ, గట్టిగా అన్న మాటకు −12 దాకా పోవాలి. ఇంకా ఎక్కువ పెట్టుకోకండి. మీతో మెల్లగా మాట్లాడుతున్న మనిషే ఉన్నట్టుండి తోట అవతలి కూలీలను ఒక్క కేక వేస్తాడు, అప్పుడు శబ్దం పగిలిందంటే అతుకు వేయలేం. 80 హెర్ట్జ్ కింది శబ్దాన్ని తగ్గించే మీట ఉంటే వేయండి. దాంతో గాలి గురగుర కాస్త తగ్గుతుంది కానీ గాలి నేరుగా మైకును కొట్టే దెబ్బకు బొచ్చు తొడుగు ఒక్కటే మందు. స్పాంజి ఇంట్లో సరిపోతుంది, చేలో చాలదు.

మోటారు ఆపమని మాత్రం అడగకండి. ఆంధ్రలో సాగుకు పగలు 9 గంటల కరెంటు, ఆ వేళలోనే తోట తడవాలి. పైగా సబ్‌మెర్సిబుల్ మోటారు బోరులో లోతున ఉంటుంది కాబట్టి దాని చప్పుడు తక్కువే. గోల చేసేది పైపు నుంచి కాలవలో పడే నీళ్లు. ముప్ఫై అడుగులు పక్కకు జరిగి, మాట్లాడే మనిషి ఒంటినే ఆ నీళ్లకు అడ్డం చేసుకుంటే సరిపోతుంది. తైవాన్ పంపుతో (ఇంజనుతో నడిచే స్ప్రేయరు) మందు కొట్టేటప్పుడు మాట రికార్డు కాదు, ప్రయత్నించకండి. గాలి మీ వీపు మీదుగా తోటలోకి వీచేలా దూరంగా నిలబడి, ముక్కుకు మాస్కు పెట్టుకుని బొమ్మ ఒక్కటే తీసుకోండి.

కోతల రోజుల్లో కూలీల ఫోన్లలో పాటలు మోగుతుంటాయి. రైతు మాట వెనక సినిమా పాట ఉంటే రెండు నష్టాలు: వాక్యం మధ్యలో కత్తిరిస్తే పాట ఎగిరినట్టు తెలిసిపోతుంది, హక్కుల గొడవ కూడా వస్తుంది. మాట రికార్డు చేసే పది నిమిషాలు ఆపమని మర్యాదగా అడగండి, తర్వాత మళ్లీ పెట్టుకోమనండి. రైతు ఫోను సైలెంటులో పెట్టించాలా అని చాలామంది అడుగుతారు. మా మాటగా వద్దంటాం. కమీషన్ వ్యాపారి, మందుల షాపు, ట్రాక్టరతను, కూలీల ముఠా మేస్త్రీ, వీళ్ల ఫోన్లలోనే సేద్యం సగం నడుస్తుంది. ఆ సగమే సినిమాకు కావాలి. అయితే అవతలి మనిషి గొంతు వాడుకోవాలంటే అతని ఒప్పుకోలు ఉండాలి, లేకపోతే రైతు మాట ఒక్కటే ఉంచండి. ఫోను మైకు వైరుకు దూరంగా, ఇంకో జేబులో ఉండాలి.

కల్లంలో ఎండుమిర్చి బస్తాలకు ఎత్తే వేళ ఘాటుకు మీకు దగ్గు తప్పదు. రైతు దగ్గు సినిమాలో ఉండాలి, మీది ఉండకూడదు. మాటలన్నీ బస్తాలు పట్టకముందే ముగించుకోండి. తర్వాత ఎవరూ మాట్లాడకుండా పారల చప్పుడు, కాయల గలగల విడిగా తీసుకోండి.

ప్రశ్న అడిగే తీరు కూడా శబ్దం పనిలో భాగమే. «ఎకరానికి ఎంత పెట్టారు?» అంటే «రెండు లక్షలు» అని ఊరుకుంటాడు. మీ ప్రశ్న తీసేస్తే ఆ జవాబు దేనికీ పనికిరాదు. «విత్తనం కొన్నప్పటి నుంచి మొదటి కోత దాకా డబ్బు ఎవరెవరి దగ్గర తెచ్చారో వరుసగా చెప్పండి» అనండి. «ఎలా అనిపించింది» మానేయండి. 2021–22లో నల్ల తామర పురుగు రెండు రాష్ట్రాల మిరపనూ తుడిచిపెట్టినప్పుడు తన పూతలో మొదట ఏం కనిపించిందో అడిగితే, బాధ దానంతటదే వస్తుంది. పెళ్లి సంబంధాల గురించి అమ్మానాన్నల ముందు అడగొద్దు, సాయంత్రం ఇంటికి నడిచేటప్పుడు అడగండి.

కౌలు రైతైతే ఇంకో జాగ్రత్త. చాలా కౌళ్లు నోటి మాట మీదే నడుస్తాయి. ఆంధ్రలో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఇచ్చే పదకొండు నెలల సాగుదారు కార్డుకు భూయజమాని సంతకం కావాలి, అదివ్వని వాళ్లు ఎందరో. మాటల్లో యజమాని పేరు, కౌలు మొత్తం రెండూ దొర్లితే అక్కడికక్కడే ఆపి, పేరు లేకుండా మళ్లీ చెప్పించుకోండి. ఎడిటింగులో బీప్ వేస్తే ఊళ్లో అందరికీ ఆ పేరు ఇంకా తొందరగా తెలుస్తుంది. వచ్చే ఏడు ఆ పొలం దక్కకపోతే నష్టం అతనికే.

వారం లోపు చేయాల్సిన అభ్యాసం: పనిచేస్తున్న ఒక రైతును కూర్చోబెట్టకుండా అయిదు నిమిషాలు మాట్లాడించి రికార్డు చేయండి. మొదట్లో కెమెరా ముందు చప్పట్లు కొట్టండి, తర్వాత మైకు శబ్దాన్ని బొమ్మతో జత కలపడానికి. అయ్యాక అదే చోట ఎవరూ కదలకుండా ఒక నిమిషం వట్టి తోట శబ్దం తీసుకోండి. దాని ముందు «తోట, ఉదయం ఏడు, నీళ్లు పారుతున్నాయి» అని మైకులో చెప్పండి. కత్తిరించిన చోట్ల అతుకు కనపడకుండా పరిచేది ఆ నిమిషాన్నే. తర్వాత రికార్డింగును ఫోను స్పీకరులో, ఆ యాస తెలియని వేరే జిల్లా మనిషికి వినిపించండి. అతను రెండోసారి అడిగిన మాటలు రాసుకోండి. యాస వల్ల అర్థం కానివైతే కింద అక్షరాలు వేస్తే చాలు, రైతును పుస్తక భాష మాట్లాడమనొద్దు. బట్ట గరగర వల్లో గాలి వల్లో పోయినవి మూడు దాటితే, మైకు పెట్టడం దగ్గర్నుంచి మళ్లీ చేయండి.