భాష నేర్చిన దొర జీవితం రాయాలంటే

వలస పాలనలో ఉద్యోగం చేస్తూ ఆఫ్రికా భాషలు నేర్చిన బ్రిటిష్ అధికారి రాట్రే మీద నేను మొదటిసారి రాసిన వ్యాసం ఆరు పేజీలు వచ్చింది. పుట్టుక, ఉద్యోగాలు, పుస్తకాలు, చావు అన్నీ వరసగా ఉన్నాయి. మా పెద్దక్క చదివి, "అంతా బాగుంది గానీ, ఇంతకీ ఆయనకి హౌసా ఎవరు చెప్పారు?" అని అడిగింది. హౌసా పశ్చిమ ఆఫ్రికా భాష. నాకు నోట మాట రాలేదు. ఆరు పేజీలూ మళ్ళీ తిరగేశాను. ఆఫ్రికా మనిషి పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు.

వలస పాలనలో ఉద్యోగం చేస్తూ ఆఫ్రికా భాషల మీద పనిచేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎవరి గురించైనా రాయాలనుకునేవాళ్ళకి, ఆ వ్యాసాన్ని తిరగరాస్తూ నేను పట్టుకున్న దారి చెబుతాను. మనకి బ్రౌన్ దొర ఉన్నాడు కాబట్టి ఈ రకం మనిషి మనకి కొత్త కాదు. చిక్కు కూడా అక్కడే ఉంది. బ్రౌన్ మీద ఉన్న అభిమానం తెలియకుండానే ఈయనకీ అంటించేస్తాం. బ్రౌన్ వెనక కడప బంగళాలో పండితులు ఉన్నారని మాత్రం మర్చిపోతాం.

ముందు ఒక తెల్ల కాగితాన్ని నిలువుగా రెండుగా మడవండి. ఎడమ పక్క ఉద్యోగం, కుడి పక్క భాష. రాబర్ట్ సదర్లండ్ రాట్రే 1881లో స్కాట్లండ్ తల్లిదండ్రులకి ఇండియాలో పుట్టాడు. బోయర్ యుద్ధంలో పోరాడి, తర్వాత ఇప్పటి మలావీ ప్రాంతంలో ఒక వ్యాపార కంపెనీలో చేరాడు. ఇదంతా ఎడమ పక్క. కుడి పక్క: 1907లో చిన్యాంజా భాష కథలు, పాటల పుస్తకం. మళ్ళీ ఎడమ పక్క: గోల్డ్ కోస్ట్‌లో, అంటే ఇప్పటి ఘనాలో, కస్టమ్స్ ఉద్యోగం. కుడి పక్క 1913లో హౌసా కథలు, 1916లో అశాంతి సామెతలు. ఇక్కడ అశాంతి అంటే మన తెలుగు మాట కాదు, ఇప్పటి ఘనాలోని ఒక జాతి పేరు, వాళ్ళ రాజ్యం పేరు. 1921కి వచ్చేసరికి మడత చెరిగిపోతుంది. ప్రభుత్వం అశాంతిలో మానవశాస్త్ర శాఖ పెట్టి ఆయన్ని దానికి అధిపతిని చేసింది. అప్పటిదాకా ఉద్యోగం పక్కన సాగిన భాష పని అక్కణ్ణుంచి ఉద్యోగమే అయింది. జీతం ఎవరిస్తున్నారో, ఆ చదువు వాళ్ళకి ఎందుకు పనికొస్తుందో అక్కడ ఒక ప్రశ్న రాసుకోండి. అశాంతి చట్టం, రాజ్యాంగం మీద 1929లో ఆయన తెచ్చిన పుస్తకాన్ని ఆ ప్రశ్న పక్కన పెట్టుకునే చదవాలి. స్థానిక పెద్దల చేత పాలన నడిపించాలనుకునే ప్రభుత్వానికి వాళ్ళ చట్టం తెలియడం అవసరం.

తర్వాతది మా అక్క ప్రశ్న. జవాబు చాలాసార్లు పుస్తకంలోనే, మనం గబగబా తిప్పేసే మొదటి పేజీల్లో ఉంటుంది. 1913 నాటి 'హౌసా ఫోక్‌లోర్' రెండు సంపుటాలు. అందులో ఒక పేజీ చూడండి. ఒక పక్క కుడి నుంచి ఎడమకి సాగే అరబ్బీ లిపిలో చేతిరాత ఉంటుంది. హౌసాని ఆ లిపిలో రాయడాన్ని అజమీ అంటారు. కలం వత్తిన చోట గీత లావుగా, తేలిన చోట సన్నగా కనిపిస్తుంది. ఎదురుగా అదే కథ రోమన్ అక్షరాల్లో, దాని ఇంగ్లీషు అనువాదంతో ఉంటుంది. ఆ చేతిరాత మాలం షైహుది. మాలం అంటే చదువుకున్న గురువు. కథలు కాగితం మీద పెట్టింది ఆయన. దాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేయించడం రాట్రే చేసిన మంచి పని, అది కూడా రాయాలి. కానీ ఆ రాత ముందుంచుకుని 'రాట్రే సేకరించిన కథలు' అని ఊరుకోవడం నాకిప్పుడు చేతకాదు.

ముందే ఎవరైనా ఆ పని చేశారా అన్నది కూడా చూసుకోండి. సామెతల విషయంలో బాసెల్ మిషన్‌కి చెందిన క్రిస్టాలర్ 3,600 సామెతలు పోగుచేసి 1879లోనే అచ్చువేశాడు. రాట్రే వాటిలోంచి ఏరుకుని అనువదించి, వివరణలు రాశాడు.

ఇక భాష. పండితుడి జీవితం రాస్తూ ఆయన నేర్చిన భాషలో ఒక్క వాక్యం కూడా నోటితో పలకకపోతే రాసింది చప్పగా ఉంటుంది. అశాంతివాళ్ళ భాషలో ఒక్క సామెత చాలు. "ఒబి న్‌చెరె అబోఫ్రా న్యామె." ఒబి అంటే ఎవరో ఒకరు, చెరె అంటే చూపడం, దాని ముందు అతుక్కున్న న్ కాదనే గుర్తు, అబోఫ్రా పసిబిడ్డ, న్యామె దేవుడు. పసిబిడ్డకి దేవుణ్ణి ఎవరూ చూపించరు, అంటే చూపించక్కర్లేదని. న్యామె ఆకాశంలో ఉండే దేవుడు, వెల్లకిలా పడుకున్న బిడ్డకి కనిపించేది ఆకాశమే కదా! మనం క్రియ చివరి రూపం మార్చి కాదంటాం, వాళ్ళు క్రియ ముందు ముక్కుతో ఒక చిన్న హల్లు పలికి కాదంటారు. ఆ న్ చెవిన పడకపోతే సామెత తలకిందులవుతుంది.

స్వరం సంగతీ ఉంది. ఆ భాషలో 'పాపా' అనే మాటే స్వరం ఎక్కించి దించే తీరుని బట్టి మంచి అనీ, నాన్న అనీ, విసనకర్ర అనీ అవుతుంది. ఇది పాఠకులకి చెప్పాలంటే వ్యాకరణం వద్దు, అతుంపన్ అనే జంట డప్పుల గురించి చెప్పండి. ఒకటి మగ డప్పు, కింది స్వరం. ఒకటి ఆడ డప్పు, పై స్వరం. మాటలో ఎత్తుపల్లాలు ఎలా ఉంటే డప్పు మీద అలాగే కొడతారు, విన్నవాళ్ళకి మాట అర్థమవుతుంది. రాట్రే ఆ డప్పుల భాషని శ్రద్ధగా రాసిపెట్టాడు.

అదే మనిషి 1916లో తన సామెతల పుస్తకానికి పెట్టిన ఉపశీర్షికలో అశాంతివాళ్ళని అనాగరిక జాతి అన్నాడు. మొదటిసారి నేను ఆ మాట వదిలేశాను, చదివేవాళ్ళకి ఆయన మీద మనసు విరుగుతుందని భయమేసి. తప్పు చేశాను. దాచకండి. పైన చెప్పిన సామెతని ఆ శీర్షిక పక్కనే పెట్టండి.

అన్నిటికంటే ఎక్కువ చోటు ఇవ్వాల్సింది భాష తెలియడం వల్ల, లేదా తెలియకపోవడం వల్ల, జనం జీవితాలు మారిన ఘట్టానికి. రాట్రే కథలో అది బంగారు పీఠం. 1900 మార్చి 28న అశాంతి రాజధాని కుమాసిలో బ్రిటిష్ గవర్నర్ హాడ్జ్‌సన్ అశాంతి పెద్దల్ని సమావేశపరిచి, ఆ పీఠం ఎక్కడ, దాని మీద నన్నెందుకు కూర్చోబెట్టలేదు అని నిలదీశాడు. ఆ పీఠం మీద అశాంతి రాజు కూడా కూర్చోడు. జాతి మొత్తం ఆత్మ, వాళ్ళ మాటలో సున్‌సుమ్, అందులో ఉంటుంది. ఒకోమ్‌ఫో అనోచె అనే పూజారి దాన్ని ఆకాశం నుంచి రప్పిస్తే రాజు ఒసెయ్ టుటు ఒళ్ళో వాలిందని వాళ్ళ గాథ. హాడ్జ్‌సన్ దాన్ని మామూలు సింహాసనం అనుకున్నాడు. ఎజిసు అనే ఊరి రాజమాత యా అసాంతెవా నాయకత్వంలో యుద్ధం వచ్చింది. పీఠాన్ని దాచేశారు. ఆమెని సీషెల్స్ దీవులకి పంపేశారు.

ఇరవై ఏళ్ళ తర్వాత రోడ్డు పని చేస్తున్నవాళ్ళకి దాచిన చోటు దొరికింది. కొందరు దాని మీది బంగారు ఆభరణాలు ఒలిచేశారు. దేశమంతా అట్టుడికింది. ఈసారి ప్రభుత్వం చేతిలో పీఠం అంటే ఏమిటో రాట్రే రాసిచ్చిన వివరణ ఉంది. పీఠం జోలికి రామని అధికారులు మాట ఇచ్చారు, దొంగల విచారణ అశాంతి పెద్దలకే వదిలారు. యుద్ధం రాలేదు. ఇది రాసేటప్పుడు రాట్రేని ఆకాశానికెత్తాలనిపిస్తుంది. అప్పుడు ఇంకో తేదీ గుర్తు చేసుకోండి. ఆయనకి ఆ శాఖ ఇచ్చిన 1921లోనే యా అసాంతెవా సీషెల్స్‌లో, ప్రవాసంలోనే చనిపోయింది. రెండూ ఒకే పేరాలో రాయండి.

ఆయన అడిగినవాటితో పాటు అడగడానికి ఎంతకాలం పట్టిందో కూడా వెతకండి. అశాంతి రాజ్యంలో రాజమాతల స్థానం ఎంత పెద్దదో ఆయనకి చాలా ఆలస్యంగా తెలిసింది. ఇదంతా నాకెందుకు చెప్పలేదని ముసలివాళ్ళని అడిగితే, తెల్లవాళ్ళు ఎప్పుడూ మమ్మల్ని ఇది అడగలేదు, మీరు మగవాళ్ళతోనే వ్యవహరిస్తారు, ఆడవాళ్ళంటే మీకు లెక్క లేదనుకున్నాం అన్నారట. ఈ సంగతి 1923 పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు. ఆయన రచనలన్నిటిలో నాకు బాగా నచ్చిన చోటు అదే.

రాట్రే 1929లో ఇంగ్లండ్ నుంచి అక్రాకి ఒంటరిగా విమానం నడుపుకుంటూ వెళ్ళాడు. 1938లో గ్లైడర్ కూలి చనిపోయాడు. నా మొదటి వ్యాసం ఈ గ్లైడర్‌తోనే మొదలైంది. ఇప్పుడు అది చివర రెండు వాక్యాలు. మొదటి పేరాలో అరబ్బీ లిపిలో కథ రాస్తున్న మాలం షైహు చెయ్యి ఉంది.