జాతర వేషానికి ముందే మొటిమల సంగతి చూసుకోండి

మా తిరుపతిలో మే నెల వచ్చిందంటే ఒకపక్క కత్తిరి ఎండ, ఇంకోపక్క గంగజాతర. బైరాగి వేషానికి తెల్లటి నామం కొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం పూసుకుని పిల్లా పెద్దా తాతయ్యగుంట గంగమ్మ గుడికి బయల్దేరతారు. మొక్కు మొక్కే, వేషం మానమని నేను చెప్పను. కానీ ఇంట్లో మొటిమలున్న పిల్లలుంటే జాగ్రత్త మార్చిలోనే మొదలవ్వాలి. జాతర చాటింపు విన్నాక మొదలుపెడితే ఆలస్యమే.

ఎందుకంటే ఈరోజు అద్దంలో కనిపించే మొటిమ కొన్ని వారాల కిందటే లోపల మొదలైంది. అరచేతులు, అరికాళ్లు తప్పిస్తే దాదాపు ఒళ్లంతా నూనె గ్రంథులుంటాయి. ఎక్కువ భాగం వెంట్రుక కుదుళ్లను ఆనుకునే ఉంటాయి. ముఖం, నెత్తి, ఛాతీ, వీపు మీద ఇవి బాగా ఒత్తుగా, పెద్దవిగా ఉంటాయి. చెమట గ్రంథికీ దీనికీ ఒక తేడా ఉంది. ఇక్కడ కణాలు నూనెను నింపుకుని నింపుకుని చివరికి అవే పగిలి అందులో కలిసిపోతాయి. ఆ జిడ్డే సీబమ్. చర్మం పొడిబారకుండా చూసేది అదే కాబట్టి దాన్ని శత్రువులా చూడక్కర్లేదు. ఈడొచ్చే వయసులో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరిగి ఈ గ్రంథులను ఉరకలెత్తిస్తాయి. ఇవి మగ హార్మోన్లని పేరేగానీ ఆడపిల్లల్లోనూ ఉంటాయి.

జిడ్డు ఒక్కటే ఉంటే మొటిమ రాదు. కుదురు లోపలి గోడ నుంచి రాలిన కణాలు బయటికి పోకుండా జిడ్డుతో కలిసి ముద్దకట్టి దారి మూసేస్తాయి. మూత పైన చర్మం కప్పి ఉంటే తెల్లమొన, నోరు తెరిచి ఉంటే నల్లమొన. ఆ నలుపు మట్టి కాదు, చర్మపు రంగు పదార్థమూ గాలి తగిలి మారిన జిడ్డూనూ. మూసుకుపోయిన చోట మామూలుగా చర్మం మీద ఉండే క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, దాని మీదికి శరీరం దాడికి దిగుతుంది. ఎరుపు, చీము, నొప్పి అన్నీ ఆ గొడవే.

ఈ మూత లోపల పడుతుంది కాబట్టి పైన రుద్దితే ఊడదు. మా మేనల్లుడు ప్రతి ఏడూ అడుగుతాడు, "మామా, నిమ్మకాయ రుద్దితే జిడ్డు పోతుంది కదా?" అని. పోయేది జిడ్డు కాదురా, చర్మం. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలు రావచ్చు, నల్ల మచ్చలు పడవచ్చు. రోజుకు రెండుసార్లు, బాగా చెమట పడితే ఇంకోసారి, ఘాటు లేని సబ్బుతో కడిగితే చాలు.

మందులకు టైమ్ కావాలి. బెంజాయిల్ పెరాక్సైడ్ అనే పూత మందు 2.5 శాతం సరిపోతుంది. ఎక్కువ శాతంది కొంటే మంట ఎక్కువ, లాభం అంతంతే. తువ్వాలు, దిండు గలేబు రంగు పోతాయి, ముందే చెబుతున్నా. అడాపలీన్ అనే ఇంకో పూత మందు అయితే రాత్రిపూట, డాక్టరు చెబితేనే. ఏది వాడినా ఫలితం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు. మార్చి అన్నది ఈ లెక్కతోనే.

ఇక నా సొంత బుద్ధితక్కువ పని. పద్దెనిమిదేళ్లప్పుడు జాతరకు పది రోజుల ముందు ఒక మందుల షాపులో చీటీ లేకుండా "ముఖం తేటపడే" క్రీము కొన్నాను. వారంలో మొటిమలు అణిగాయి, అందరూ అడిగారు ఏం వాడావని. మానేయగానే ముఖమంతా ఎర్రగా మండి, ముందున్నవాటికి రెట్టింపు వచ్చాయి. అందులో ఉన్నది స్టెరాయిడ్. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ అని ఏదైనా కనిపిస్తే డాక్టరు చెప్పకుండా ముఖానికి తాకించకండి.

మామిడిపండు మీద నింద వేయకండి, మన జిల్లాలో అది మానేసి బతకలేం. తీపి, మైదా ఎక్కువైతే కొందరికి మొటిమలు పెరుగుతాయన్నది మాత్రం నిజం.

జాతర రోజు సంగతి. రంగు కలిపిన కుంకుమ కొందరికి పడదు. రెండు రోజుల ముందే మోచేతి మడతలో కొంచెం పూసి చూడండి. దురద పెడితే ఆ డబ్బా పక్కన పెట్టండి. పగిలిన మొటిమ ఉంటే దాని చుట్టూ వదిలి పూయండి. వేషం తేలిగ్గా వదలాలని ముందే కొబ్బరినూనె దట్టంగా పట్టించాలనిపిస్తుంది. మొటిమలున్న ముఖానికి అది ఇంకో మూత. ఇంటికి రాగానే పడుకోకుండా గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి కడగండి. గోకితే మన రంగు చర్మం మీద మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది.

ఒకేలాంటి చిన్న పొక్కులు నుదుటి మీద, వీపు మీద గుంపుగా వచ్చి విపరీతంగా దురద పెడితే అవి మొటిమలు కాకపోవచ్చు. చెమటకాయలో, ఫంగస్ వల్ల వచ్చినవో అయ్యుంటాయి, మందు వేరు. లోతుగా గడ్డలు కట్టి గుంటలు పడుతుంటే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఐసోట్రెటినోయిన్ మాత్రలు రాస్తే ఆడవాళ్లు ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. వాడినంత కాలం, ఆపాక ఇంకో నెల వరకు గర్భం రాకూడదు, బిడ్డకు తీవ్రమైన అవకరాలు వచ్చే ప్రమాదముంది. పెళ్లి కుదిరిన అమ్మాయి అయితే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.