గిటారు ప్రాసెసర్‌లో శబ్దం వెనకబడుతోందా? లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి పరిష్కారం

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాలలో పెళ్లిళ్లకు, జాతరలకు, చర్చి కూడికలకు వాయించే తెలుగు బృందాల చేతికి డిజిటల్ ప్రాసెసర్లు (గిటారు శబ్దాన్ని మార్చే ఎఫెక్టు పెడళ్లు), ల్యాప్‌టాప్‌లు, వైర్‌లెస్ సెట్లు వచ్చిన తరువాత, తీగ మీటిన కొంతసేపటికి గాని శబ్దం రావడం లేదనే ఫిర్యాదు తరచుగా వినిపిస్తోంది. నింద సాధారణంగా ప్రాసెసర్ మీదనే పడుతుంది. నా ఉద్దేశంలో దానిని చిట్టచివరకు గాని అనుమానించకూడదు. శుభ్రమైన టోన్‌లో ఉన్న డిజిటల్ పెడల్ మామూలుగా ఒకటి నుంచి కొద్ది మిల్లీసెకన్ల ఆలస్యం మాత్రమే చేస్తుంది. వేళ్లకు తెలిసేంత ఆలస్యం ఎక్కువగా దానికి ముందో వెనకో ఉన్న పరికరంలో పుడుతుంది. అది ఎక్కడో చెవితో తేల్చుకోవడం కష్టం కనుక ముందు కొలవాలి.

కొలిచే పద్ధతి

రెండు ఇన్‌పుట్లున్న సౌండ్ కార్డు, ఒక వై కేబుల్, శబ్దతరంగాన్ని పెద్దది చేసి చూపే ఏదైనా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. గిటారు నుంచి వచ్చే సిగ్నల్‌ను వై కేబుల్‌తో రెండుగా చీల్చి, ఒక కొసను నేరుగా మొదటి ఇన్‌పుట్‌కు, రెండవ కొసను పెడల్‌కు కలిపి, పెడల్ ఔట్‌పుట్‌ను రెండవ ఇన్‌పుట్‌కు ఇవ్వండి. పెడల్‌లో ఎకో, రివర్బ్ వంటివన్నీ తీసివేయండి. అరచేతితో తీగలను నొక్కిపట్టి ప్లెక్ట్రమ్‌తో ఒక్కసారి గట్టిగా కొట్టండి. అలా కొట్టినప్పుడు శబ్దం పదునుగా మొదలవుతుంది కాబట్టి తరంగం ఎక్కడ లేచిందో గుర్తించడం తేలిక.

ఇప్పుడు రెండు ట్రాకులనూ ఒక్కొక్క శాంపిల్ (శబ్దాన్ని సెకనుకు వేలసార్లు కొలిచి నమోదు చేసే అంకెల్లో ఒకటి) కనిపించేంతవరకు పెద్దవి చేసి, తరంగం లేచిన రెండు చోట్ల మధ్య శాంపిళ్లు లెక్కపెట్టండి. 48,000 హెర్ట్జ్ (సెకనుకు 48,000 శాంపిళ్లు) దగ్గర రికార్డు చేస్తే 48 శాంపిళ్లకు ఒక మిల్లీసెకను. 96 వస్తే రెండు. 44,100 దగ్గర అయితే తేడాను 44.1తో భాగించాలి. సౌండ్ కార్డు చేసే ఆలస్యం రెండు ట్రాకులకూ సమానమే కనుక అది ఈ లెక్కలోకి రాదు; ఈ పద్ధతికున్న బలం ఇదే. తరంగం శిఖరాలను పోల్చవద్దు. కొన్ని పెడళ్లు సిగ్నల్‌ను తలకిందులు చేస్తాయి, డిస్టార్షన్ శిఖరాన్ని పక్కకు జరుపుతుంది. అందువల్ల మొదలును మాత్రమే మొదలుతో పోల్చాలి.

పెడళ్లు వరుసగా ఉంటే ఆలస్యాలు కూడుతూ పోతాయి, ఎందుకంటే ప్రతి డిజిటల్ పెడల్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చి మళ్లీ కరెంటుగా మారుస్తుంది. అలా అంకెలుగా మార్చని అనలాగ్ పెడళ్లను ఈ లెక్కలో వదిలివేయవచ్చు.

లక్షణం: ల్యాప్‌టాప్ ద్వారా వాయిస్తే ఆలస్యం

కారణం బఫర్ (శాంపిళ్లను కొన్ని కొన్నిగా పోగుచేసి పంపే తాత్కాలిక నిల్వ) పరిమాణం, డ్రైవర్ (సౌండ్ కార్డును కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్). 48,000 హెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.67 మిల్లీసెకన్లు, అది లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి పడుతుంది. 1024 పెడితే ఒక్కవైపే 21 దాటుతుంది. విండోస్‌లో సౌండ్ కార్డుతో వచ్చిన, ఆలస్యం తక్కువగా ఉండే ఏసియో (ASIO) డ్రైవర్‌ను వాడి, బఫర్‌ను 128కి, వీలైతే 64కి తగ్గించండి.

తగ్గిస్తే చిటపటలు వస్తున్నాయని చాలామంది బఫర్‌ను మళ్లీ పెంచుతారు. అయితే మండపంలో కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదకు వెళ్లి, పొదుపు కోసం తన సీపీయూ వేగాన్ని తగ్గించుకుని ఉండవచ్చు. పవర్ సెట్టింగ్‌ను పూర్తి పనితీరుకు మార్చి, వైఫై ఆపి చూసిన తరువాతే బఫర్ జోలికి వెళ్లండి.

సాఫ్ట్‌వేర్ తెర మీద చూపే ఆలస్యపు అంకె డ్రైవర్ చెప్పుకున్నది మాత్రమే. నిజమైనది తెలియాలంటే సౌండ్ కార్డు ఔట్‌పుట్‌ను ఒక కేబుల్‌తో దాని ఇన్‌పుట్‌కే కలిపి, క్లిక్‌ను ఒక ట్రాకులో మోగిస్తూ మరో ట్రాకులో రికార్డు చేసి తేడా చూడాలి. ఆ సమయంలో ఆలస్యాన్ని సవరించే సెట్టింగ్‌ను తప్పనిసరిగా ఆపాలి. లేకపోతే సాఫ్ట్‌వేరే రికార్డింగ్‌ను ముందుకు జరిపి అసలు ఆలస్యమే లేనట్లు చూపుతుంది.

లక్షణం: ఆలస్యం తెలియదు, కాని టోన్ బోలుగా, పీలగా ఉంది

దీనిని ఆలస్యంగా గుర్తించేవారు అరుదు. మిక్సర్‌లో గిటారు నేరుగా ఒక చానల్‌లోకి, ప్రాసెసర్ ద్వారా మరో చానల్‌లోకి వచ్చి రెండూ కలిసినప్పుడు, ఆలస్యాన్ని బట్టి కొన్ని పౌనఃపున్యాల (ఫ్రీక్వెన్సీల) దగ్గర రెండు సిగ్నళ్లూ ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. ఒక మిల్లీసెకను తేడాకు 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర గుంటలు పడతాయి. రెండు మిల్లీసెకన్లకు మొదటి గుంట 250 దగ్గరే పడుతుంది. ఈక్వలైజర్ ఎంత తిప్పినా ఆ గుంటలు పూడవు. సిగ్నల్‌ను తలకిందులు చేసే ఫేజ్ బటన్ నొక్కితే అవి వేరే చోటికి జరుగుతాయే గాని పోవు, పైగా బేస్ తగ్గుతుంది. రెండు చానళ్లలో ఒకదానిని మ్యూట్ చేయడం సులువైన మార్గం. రెండూ కావాలనుకుంటే, పైన చెప్పిన పద్ధతిలో కొలిచిన ఆలస్యాన్నే డిజిటల్ మిక్సర్‌లో నేరుగా వచ్చే చానల్‌కు కూడా ఇవ్వాలి. శాంపిల్ స్థాయిలో కొలవడం వల్ల అసలు ప్రయోజనం కనిపించేది ఇక్కడే.

లక్షణం: శ్రుతి తగ్గించే ఎఫెక్టు వేస్తేనే ఆలస్యం

ఇది లోపం కాదు. గిటారులోని ఆరవ తీగ 82.4 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ తరంగం ఒక్క చుట్టు పూర్తి కావడానికే 12 మిల్లీసెకన్లు పడుతుంది. స్వరాన్ని గుర్తించి మార్చవలసిన ఎఫెక్టు అందులో కొంతైనా ఆగక తప్పదు. గాయకుడి శ్రుతికి దిగవలసి వస్తే తీగలనే వదులు చేసి శ్రుతి చేసుకోవడం మేలు.

లక్షణం: బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో మాత్రమే ఆలస్యం

మామూలు బ్లూటూత్‌లో 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పోతాయి. వైరు ఇయర్‌ఫోన్లు వాడండి.

లక్షణం: ఇంట్లో బాగుంది, వేదిక మీద వెనకబడుతోంది

రెండేళ్లకోసారి జరిగే బరంపురం ఠాకురాణి యాత్ర వంటి చోట్ల వీధిలో వేదిక కట్టినప్పుడు మానిటర్ (వాయించేవారికి తమ శబ్దం వినిపించే స్పీకరు) ఎంత దూరంలో ఉందో ఎవరూ పట్టించుకోరు. 30 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది, అంటే మిల్లీసెకనుకు 35 సెంటీమీటర్లు. నాలుగు మీటర్ల అవతల ఉన్న మానిటర్ ఒక్కటే 11 మిల్లీసెకన్లకు పైగా తినేస్తుంది. మంచి ప్రాసెసర్లు మూడు వరుసగా పెట్టినా అంత కాకపోవచ్చు. మానిటర్‌ను ఒకటిన్నర మీటరు దూరంలోకి తెచ్చిపెడితే, ఏ పరికరమూ మార్చకుండానే ఏడు మిల్లీసెకన్లు మిగులుతాయి.

డిజిటల్ వైర్‌లెస్ కూడా కొన్ని మిల్లీసెకన్లు కలుపుతుంది. దానిని కొలవడానికి వై కేబుల్‌ను గిటారు దగ్గరే పెట్టి, ఒక కొసను కేబుల్ ద్వారా నేరుగా సౌండ్ కార్డుకు, రెండవదానిని ట్రాన్స్‌మిటర్‌కు ఇచ్చి, రిసీవర్ ఔట్‌పుట్‌ను రెండవ ఇన్‌పుట్‌లో రికార్డు చేయాలి. ఆ అంకెకు ప్రాసెసర్ అంకెను, మానిటర్ దూరాన్ని కలిపినప్పుడు మొత్తం 15 మిల్లీసెకన్లు దాటుతుంటే ముందు మానిటర్‌ను జరపండి. అప్పటికీ తగ్గకపోతే, వేదిక మీద కదలకుండా నిలబడి వాయించే గిటారిస్టు వైర్‌లెస్ తీసివేసి కేబుల్ పెట్టుకోవచ్చు.